వంకలో ఆగిన కారు

కరోనా తగ్గి ఆఫీసులు మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది నన్ను తిరుపతి నుంచి చిత్తూరుకు బదిలీ చేశారు. హోదా మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. మా శాఖలో అసిస్టెంట్ ఇన్‌స్పెక్టరుగా చేరి, పదోన్నతి మీద ఇన్‌స్పెక్టరు అవుతాం. లైసెన్సు పరీక్షలు, లారీలకూ బస్సులకూ ఫిట్‌నెస్ తనిఖీలు, రోడ్డు మీద చెకింగులు, ఇవే జనానికి తెలిసిన మా పనులు. అంతగా తెలియని పని ఇంకొకటి ఉంది. ప్రమాదంలో మనిషి చనిపోతే, ఆ వాహనాన్ని మేము పరీక్షించి నివేదిక ఇవ్వాలి. బ్రేకులు, స్టీరింగు, టైర్లు, లైట్లు చూసి, ప్రమాదానికి బండిలోని లోపం కారణమో కాదో రాయాలి. అది రాసేదాకా పోలీసులు బండిని వదలరు. నా సర్వీసులో ఇలాంటి నివేదికలు చాలా రాశాను. ఎక్కువ వాటిలో లోపం బండిది కాదు, నడిపిన తీరుది.

ఆ నవంబరులో వాయుగుండం పట్టి వానలు ఆగకుండా కురిశాయి. చెరువులన్నీ నిండి, నీళ్లు పొర్లి మొరవ పోతున్నాయి. పూతలపట్టు దాటాక లోపలికి పోయే ఒక ఊరి దారిలో వంక మీద కాజ్‌వే ఉంది. వంతెన కాదు, వంక అడుగునే పోసిన సిమెంటు దారి. అంచుల్లో వరసగా రాళ్లు పాతి ఉంటాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ నీటిచుక్క కనిపించదు. ఆ రోజు మధ్యాహ్నం దాని మీద మోకాలికి కాస్త దిగువగా నీళ్లు పారుతున్నాయి.

చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మేనేజరుగా పనిచేసే మురళి, భార్య హేమలతతో కలిసి ఆమె పుట్టింటి నుంచి తిరిగి వస్తున్నాడు. హేమలత ప్రభుత్వ బడిలో టీచరు. వానలకు బడులు మూసినందువల్ల ఆరేళ్ల కూతురిని తాతగారి ఇంట్లోనే వదిలి బయలుదేరారు. మురళి కారు రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. అది కాజ్‌వే నడిమధ్యలో ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా మళ్లీ స్టార్టు కాలేదు. నీళ్లు తలుపు సందుల్లోంచి లోపలికి రావడం మొదలైంది. మురళి తను దిగి, భార్యను కూడా దిగమన్నాడు. ఆమె దిగిన పక్క ప్రవాహం దిగువకు లాగుతోంది. రెండడుగులు వేసేలోపే పడిపోయింది. పట్టుకోబోయి అతనూ కొట్టుకుపోయి, అంచు రాయిని వాటేసుకుని నిలిచాడు. హేమలత మృతదేహం మరుసటి ఉదయం దిగువన ఒక చెరకు తోటలో దొరికింది. కారు మాత్రం రాళ్లకు ఆనుకుని, ఉన్నచోటనే ఉండిపోయింది.

హేమలత తండ్రి మునిరత్నం చెరకు రైతు. ఆయన పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులో ఇది ప్రమాదమని రాయలేదు. అల్లుడు కావాలనే కారును వంకలో ఆపి తన బిడ్డను చంపాడని రాశాడు. ఆ మధ్య భార్యాభర్తలకు గొడవలు జరిగిన మాట నిజమే. వాళ్లకంటే ముందు ఒక పాలబండి, ఒక చిన్న కారు అదే కాజ్‌వే మీద క్షేమంగా దాటిపోయాయి. దానికి ఊళ్లో సాక్షులున్నారు. మనవరాలిని ఆయన అల్లుడికి చూపించను కూడా లేదు.

స్టేషన్ ఎస్సై రాతపూర్వకంగా కోరితే కారును చూడటానికి వెళ్లాను. మునిరత్నం స్టేషన్ ఆవరణలో వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఖాకీలో ఉన్న నన్ను చూసి, నేనే పరీక్ష చేసేదాన్ని అని తెలుసుకుని దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, నాకు ఒకటే చెప్పండి. పాలబండి పోయినాది. ఆ చిన్న కారు పోయినాది. వీడి బండి ఒకటే నడీమధ్యలో యెట్ల నిలిచిపాయె? బండి తాళం వాడి జేబులో ఉండాదంట. ఆపకుండానే తాళం జేబులోకి యెట్ల వస్తాది?"

తాళం సంగతికి అక్కడే జవాబు చెప్పగలిగాను. అది బటన్ నొక్కితే స్టార్టయ్యే బండి. తాళం దగ్గరుంటే చాలు, దూర్చి తిప్పే పని లేదు, నడుపుతున్నంతసేపూ జేబులోనే ఉంటుంది. ఆయన విన్నాడు గానీ నమ్మినట్టు కనిపించలేదు. "మరి యెందుకు నిలిచినాది?" అని మళ్లీ అడిగాడు. చూడకుండా చెప్పలేనన్నాను.

బ్రేకులు, స్టీరింగు సరిగానే ఉన్నాయి. గేరు రెండోదాంట్లో ఉంది. హ్యాండ్‌బ్రేకు వేయలేదు. కావాలని ఆపినవాడు ఇలా వదలడు అని అనుకోవచ్చు గానీ, అనుకున్నది నివేదికలో రాయకూడదు. తలుపుల మీద బురదనీటి గీత స్పష్టంగా ఉంది. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ గీత చెబుతుంది. తర్వాత బానెట్ ఎత్తాను.

మామూలు కారులో గాలి వడపోసే ఫిల్టరు ఒక ప్లాస్టిక్ పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె గాలి పీల్చే మూతి బానెట్ అంచు దగ్గర, హెడ్‌లైట్ల కన్నా పైన ఉంటుంది. ఈ కారులో ఆ పెట్టె లేదు. దాన్ని బిగించిన బోల్టు రంధ్రాలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. దాని బదులు మెరిసే అల్యూమినియం గొట్టం ఒకటి ఇంజను నుంచి బయలుదేరి, ముందు చక్రం పక్కగా కిందికి దిగి, బంపరు వెనక నేలకు జానెడు ఎత్తులో ఆగింది. దాని చివర శంఖం ఆకారంలో ఫిల్టరు. ఆ ఫిల్టరు నిండా బురద.

ఇలాంటి మార్పు కుర్రకారు ఎందుకు చేయిస్తారో చెప్పాలి. ఇంజను దగ్గరి గాలి వేడిగా, పలచగా ఉంటుంది. కింద, బంపరు వెనక దొరికే గాలి చల్లన. చల్లగాలి చిక్కగా ఉంటుంది, అందులో ప్రాణవాయువు ఎక్కువ. దానికి తగ్గట్టు ఎక్కువ పెట్రోలు మండి, ఇంజనుకు కొంత బలం పెరుగుతుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు గాలి పీల్చే గర్జన కూడా బయటికి వినబడుతుంది. పొడి రోడ్డు మీద ఇబ్బంది లేదు. మూతి నీళ్లలో మునిగితే ఇంజను గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పైకి వస్తున్న పిస్టన్ ఆ నీటికి తగిలి ఆగిపోతుంది. దాన్ని తోసే ఇనుప కడ్డీ వంగిపోతుంది. ఇక ఆ ఇంజను స్టార్టు కాదు.

అదే జరిగిందని నాకు అనిపించింది. అనిపించడం చాలదు. ఇంజను విప్పే పనిముట్లు మా దగ్గర ఉండవు. ఎస్సైని అడిగి కారును తిరుపతిలో ఒక సర్వీసు కేంద్రానికి లాగించాను. విప్పేటప్పుడు రెండు పక్షాలవాళ్లూ ఎదుట ఉండాలని పట్టుబట్టాను. తర్వాత ఎవరూ నీళ్లు మేమే పోశామని అనకూడదు.

ఆ రోజు షెడ్డులో మునిరత్నం ఒక మూల, మురళి ఇంకో మూల నిలబడ్డారు. మురళి రెండు అరచేతులకూ కట్లున్నాయి. రాయిని పట్టుకున్నప్పుడు చర్మం లేచిపోయింది. అతను ఎవరి వైపూ చూడటం లేదు. సీనియర్ మెకానిక్ నాలుగు స్పార్క్ ప్లగ్గులూ ఊడదీసి, ఇంజనును స్పానరుతో చేత్తో తిప్పాడు. ప్లగ్గుల రంధ్రాల్లోంచి ఎర్రనీళ్లు చిమ్మి అతని చొక్కా మీద పడ్డాయి. తర్వాత ఒక్కో రంధ్రంలోకి సన్నటి కడ్డీ దింపి, పిస్టన్ ఎంత పైకి వస్తోందో చూశాం. మూడు సమానంగా వచ్చాయి. నాలుగోది వాటికన్నా కిందే ఆగిపోయింది. లోపల ఆ పిస్టన్‌ను తోసే కడ్డీ వంగింది.

చివరిగా టేపుతో కొలిచాను. బురద గీత కన్నా కొత్త గొట్టం మూతి బాగా కింద ఉంది. పాత పెట్టె బిగించిన రంధ్రాలు ఆ గీతకు పైన ఉన్నాయి.

మునిరత్నం నా దగ్గరకు వచ్చాడు. "యేమమ్మా, తేలిందా?"

అతను కావాలని ఆపలేదని, నడుస్తుండగానే ఇంజను నీళ్లు పీల్చి ఆగిపోయిందని చెప్పాను.

"మరి పాలబండి?"

 అంతకు ముందే ఎస్సై నన్ను పక్కకు పిలిచి, ఇంజనులోకి నీళ్లు పోయి ఆగింది అని రాస్తే చాలదా మేడం అని అడిగాడు. మంచిగానే అడిగాడు. ఆ మాట అబద్ధం కాదు. హత్య కేసు దానితోనే పోతుంది. గొట్టం సంగతి రాస్తే, అనుమతి లేకుండా బండిని మార్చినందుకు, ఆ బండితో పొంగే వంకలోకి దిగినందుకు మురళి మీద వేరే కేసు పడుతుంది. పెళ్లాం పోయినవాడికి అదొకటి. నేను దాని గురించి ఆలోచించాను. కానీ పాలబండి ఎలా పోయిందనే ప్రశ్నకు ఆ ఒక్క ముక్కలో జవాబు లేదు. జవాబు లేకపోతే ఈ పెద్దాయన చచ్చేదాకా అల్లుణ్ణి హంతకుడనే అనుకుంటాడు. మనవరాలికీ అదే చెబుతాడు.

కాబట్టి చెప్పాను. గొట్టం చూపించి, పాత రంధ్రాలు చూపించి, నీటి గీత చూపించి చెప్పాను. పాలబండి గాలి పీల్చే మూతి నీళ్లకు పైన ఉంది, దీనిది కింద ఉంది. పాత పెట్టె ఉండి ఉంటే దాటేదా అని అడిగాడు. బహుశా దాటేది అన్నాను. ఖాయంగా చెప్పలేనని, ప్రవాహం తోసేసి ఉండవచ్చని కూడా అన్నాను.

మురళి ఎప్పుడు దగ్గరకు వచ్చాడో నేను గమనించలేదు. "ఆ పైపు వల్లనా మేడం?" అన్నాడు.

అవునన్నాను.

"ఆ పైపు వల్లనా?" అని మళ్లీ అడిగాడు. నేను మళ్లీ అదే చెప్పాను.

అతను కట్టు కట్టిన చేతిని బానెట్ అంచు మీద పెట్టి, ఎవరితోనూ కాకుండా తనలో తనే చెప్పుకుంటూ పోయాడు. "చెన్నైలో బిగించినారు. నీళ్లలోకి పోవద్దని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలే. బిగించిన రోజు హేమను పక్కన కూర్చోబెట్టుకుని బైపాసు మీద పోయినా. సౌండు యెట్ల ఉండాది అని అడిగినా. ఇంత సౌండు యెందుకు, వెనక పాప నిద్ర లేస్తాది అనింది."

మునిరత్నం అల్లుడి మీదికి పోతాడేమోనని ఎస్సై ముందుకు కదిలాడు. ఆయన పోలేదు. "కార్లోనే కూర్చోబెట్టి ఉంటే నా బిడ్డ బతికుండును గదరా. బండి యాడికీ పోలేదే, రాయికి ఆనుకోనే ఉండాదే" అన్నాడు.

"నీళ్లు లోపలికి వస్తా ఉండె మామా. మునిగిపోతాదనుకున్నా. దిగమన్నా" అన్నాడు మురళి.

దానికి నా దగ్గర కొలత లేదు. కార్లోనే ఉండి ఉంటే ఆమె బతికేదో లేదో ఏ పరీక్షతోనూ తేలదు. నేను కాగితాలు సర్దుకుని బయటికి వచ్చాను. షెడ్డు బయట మెకానిక్ కుళాయి కింద చొక్కా తడుపుకుంటున్నాడు. వెనక నుంచి మురళి ఏడుపు వినిపించింది. 

నివేదికలో అన్నీ రాశాను. బ్రేకుల్లో, స్టీరింగులో లోపం లేదని, గాలి తీసుకునే అమరికను అనుమతి లేకుండా మార్చారని, ఆ మార్పు వల్ల ఆ లోతు నీటిలో ఇంజను నీరు పీల్చి ఆగిందని, ఆగడం డ్రైవరు ఇష్టంతో జరిగినట్టు ఆధారం లేదని. పోలీసులు హత్య ఆరోపణ తీసేసి, నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనట్టు కేసు పెట్టారు. మా ఆఫీసు మురళి కారు రిజిస్ట్రేషనును సస్పెండు చేసింది. కోర్టులో నేను సాక్ష్యం చెప్పాను. ఆ రోజు మురళి బోనులోంచి నన్ను చూసి తల వంచి నమస్కరించాడు. అది కృతజ్ఞతో ఇంకేమిటో నాకు తెలియదు. నేను పదవీ విరమణ చేసేనాటికి ఆ కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

నివేదిక ఇచ్చిన కొన్నాళ్లకే మునిరత్నం ఒకసారి ట్రాక్టరు ట్రైలరు పని మీద మా ఆఫీసుకు వచ్చాడు. పని ముగిశాక వెళ్లకుండా నా బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నాను.

"పాపను వాళ్ల నాయన దగ్గరికి పంపించినా మేడం" అన్నాడు. "బడి తెరిచినారు గదా. బస్సులో తీసుకపొమ్మన్నా. కారు మాత్రం నా ఇంటి ముందుకు రాకూడదన్నా."

అల్లుడితో మాట్లాడుతున్నారా అని అడిగాను.

"లేదమ్మా. వస్తే నేను చేను కాడికి పోతా. వాడు సంపలేదని తెలిసినాది. అంతవరకే."

ఆయన వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ కుటుంబాన్ని నేను చూడలేదు.

ఈ కేసు నాకు నేర్పింది వృత్తికి సంబంధించిన విషయమే. అంతకు ముందు మేము మార్పులు చేసిన బండి కనబడితే, అనుమతి ఉందా లేదా అని మాత్రమే చూసి జరిమానా రాసేవాళ్లం. తర్వాత నేను ఇంకొకటి కూడా అడగడం మొదలుపెట్టాను. తీసేసిన భాగాన్ని తయారీదారు అక్కడే ఎందుకు పెట్టాడు, అది లేనప్పుడు ఈ బండి ఎక్కడ, ఏ పరిస్థితిలో మొరాయిస్తుంది అని. జవాబును యజమానికి నోటితో చెప్పేదాన్ని, అతని పక్కన కూర్చునేవాళ్లు అక్కడ ఉంటే వాళ్లకూ చెప్పేదాన్ని. కొందరు విసుక్కున్నారు. కొందరు పాత పెట్టె మళ్లీ బిగించుకుని వచ్చి చూపించారు. బిగించుకోని వాళ్ల బండ్లు ఫిట్‌నెస్ తనిఖీకి వస్తే నేను పాస్ చేయలేదు.