గళ్ళ తెలుగు

టీవీలకి ఇంకా సొంత తెలివి రాని రోజులవి. ఇప్పుడు మా ఇంట్లో టీవీ నేను నోరు విప్పకముందే నాకేం కావాలో అదే చెప్పేస్తోంది గానీ, ఆ రోజుల్లో టీవీ అంటే వీపు మీద మూట మోస్తున్నట్టుండే లావుపాటి పెట్టె. కేబులువాడు ఏది పంపిస్తే అది చూపించడమే దాని పని. మనక్కావలసింది చూడాలంటే పక్కన ఇంకో చిన్న పెట్టె పెట్టి, దానికి పెన్‌డ్రైవు గుచ్చి, ఎరుపూ తెలుపూ పసుపూ వైర్లు టీవీ వెనక్కి తగిలించాలి. అలాంటి పెట్టె ఒకటి చవగ్గా కొని, పుదుచ్చేరిలో ఒక పెద్దావిడకి నేను చేసిన ఘనకార్యం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. నవ్వు కూడా వస్తుందనుకోండి, కాకపోతే అది తరవాత వస్తుంది.

మాది యానాం. ఉద్యోగం పుదుచ్చేరిలో, ఓ ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా. (రాజధానిలో ఉద్యోగమని మా అమ్మ వీధంతా చెప్పుకుంది. ఆ రాజధానికి వెళ్ళాలంటే రాత్రంతా ప్రయాణం చేసి మర్నాడు కూడా కొంత చెయ్యాలని మాత్రం ఎవరికీ చెప్పలేదు.) ఆ ఊళ్ళోనే కదిర్కామం అనే పేటలో ఒక మేడమీద గది అద్దెకి దొరికింది. కింద ఇంటివాళ్ళు కూడా తెలుగువాళ్ళే, కానీ మాలాగా నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు కారు. ఎన్ని వందల ఏళ్ళ కిందటో వచ్చి బాహూరు దగ్గర పొలాలు చేసుకుంటూ పాతుకుపోయిన కుటుంబం. ఇంటాయన రోజూ తెల్లారేసరికి మోటారు సైకిలెక్కి ఆ పొలాలకి వెళ్ళి చీకటిపడేవేళకి వచ్చేవాడు. ఆయన్ని నేను అన్నా అనేవాణ్ణి. ఆయన తల్లిని మా వైపు అలవాటు కొద్దీ "మామ్మగారూ" అన్నాను మొదటిరోజు. ఆవిడ నన్ను కిందనుంచి మీదిదాకా చూసి, "మామ్మ ఏందప్పా మామ్మ? అవ్వా అను. ఆ గారు గీరు మేడమీద పెట్టేసి రా" అంది. అప్పట్నుంచి అవ్వే. నేను మాత్రం ఆవిడకి యానామబ్బాయిని.

అవ్వకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆ ఇంట్లో ఎవరికీ రాదు. అందరూ చదువుకున్నది తమిళం. ఈ సంగతి ఆవిడకి లోపల్లోపల ములుకులా గుచ్చుకునేది. నెల్లూరులో ఆవిడ వదినగారు ఒకావిడ ఉండేది, తెలుగు పేపరు పొద్దున్నే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి. వచ్చినప్పుడల్లా, "మీది తెలుగేంటే, అరవం మీద తెలుగు చల్లుకున్నారు. ఇంట్లో ఒక్క అక్షరం ముక్కైనా ఉందా?" అని దెప్పేదట. అవ్వ ఈ మాట నాతో చెప్పేటప్పుడు నవ్వుతూనే చెప్పింది, కానీ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నేను జాలిపడి, జాలి కంటే ఎక్కువగా గొప్పకి పోయి, "ఉండండి అవ్వా, యానాం నుంచి మీ ఇంటికి తెలుగు మోసుకొస్తానండి" అన్నాను.

అన్నట్టే పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు మా చెల్లిచేత ఒక పెన్‌డ్రైవు నింపించి తెచ్చాను. హరికథలు, పద్యాలు, మా చుట్టాల వేడుకల వీడియోలు, ఇంకా తనకి తోచినవన్నీ అందులో పోసింది. పెట్టెని ఆదివారం సంతలో కొన్నాను. అరచేతిలో పట్టే నల్లటి పెట్టె, దానికంటే పొడుగైన రిమోటు. ఆ మధ్యాహ్నం కింద హాల్లో అన్న, అవ్వ, ఎదురింటివాళ్ళు కొందరు చాపల మీద కూర్చున్నారు. నేను వైర్లు తగిలించాను. ముందు బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చింది. వైర్లు మార్చాను. రంగులొచ్చాయి గానీ మెనూ మొత్తం చైనా భాష. ఏ మీట ఏం చేస్తుందో చూద్దామని వరసగా నొక్కడం మొదలుపెట్టాను. (నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. కనబడ్డ మీట నొక్కకపోతే ఆ పూట అన్నం సహించదు.) అవ్వ నా పక్కకి జరిగి ప్రతి మీటకీ "ఇది నొక్కితే ఏమైతాది?" అని అడిగేది. నాకెంత కుతూహలమో ఆవిడకి అంతకు రెండింతలు. గంట సేపటికి మెనూ ఇంగ్లీషులోకి వచ్చింది. ఎదురింటివాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను ఏదో ఉపగ్రహం ఎగరేసినట్టు తల ఊపి, పెన్‌డ్రైవు గుచ్చాను.

తెర మీద గళ్ళు వచ్చాయి. వరసకి వరస, చిన్న చిన్న నలుచదరపు గళ్ళు. విషయం నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే మా ఆఫీసు కంప్యూటరుకీ అదే రోగం. మా చెల్లి అప్పుడే తెలుగులో టైపు కొట్టడం నేర్చుకుని, ఆ సరదాలో ఒక్కొక్క వీడియోకీ తెలుగులో పేరు పెట్టింది. పెట్టెలో తెలుగు అక్షరాలు లేవు. తనకి రాని ప్రతి అక్షరానికీ అది ఒక గడి గీసి చూపిస్తోంది. అవ్వ ముందుకి వంగి కళ్ళు చిట్లించి, ఎంతో మెల్లగా అడిగింది. "అప్పా, ఇదేనా తెలుగు?"

చూడండి, అక్కడ నేను "కాదండీ, ఈ పెట్టెకి తెలుగు రాదు" అంటే సరిపోయేది. కానీ గంట నుంచి కూర్చోబెట్టాను, చప్పట్లు కొట్టించుకున్నాను, యానాం నుంచి తెలుగు మోసుకొస్తానని కోతలు కోశాను. నోరు దానంతటదే తెరుచుకుని, "ఆ, తెలుగేనండి" అంది.

"తిరుపతిలో బోర్డుల మీద చూసినవి గుండ్రంగా ఉండె కదా?"

"అవి చేత్తో రాసేవండి. ఇవి మిషను అక్షరాలు."

ఆవిడ నమ్మేసింది. నమ్మడమే కాదు, నేను వెయ్యని మెట్టు తనే వేసుకుంది. "అదీ నిజమే. మన శివుడి కోయిలు గోడమీద పాతకాలం తమిళం ఉండాది, అది ఎవురికి తెలుస్తాది? చేతికొక మాదిరి, రాతికొక మాదిరి" అని అన్న వైపు తిరిగి చెప్పింది. అన్న "సెరి సెరి, ఏదో ఒకటి పెట్టు తమ్ముడూ" అన్నాడు. నేను పైనుంచి మూడో వరస చూపించి, "ఇది హరికథ" అని గంభీరంగా చదివి నొక్కాను. మా మేనత్త మనవరాలికి చెవులు కుట్టిస్తున్న వీడియో వచ్చింది. పిల్ల కెవ్వుమంది. అవ్వ చెక్కుచెదరలేదు. "ఆ పచ్చచీర ఎవురు? ఆ ముసలాయన ఏందప్పా అట్ల నిలబడినాడు? మీ ఊర్లో మామకే ఒళ్ళో పెట్టుకునే హక్కా?" అని అడుగుతూ ఆఖరిదాకా చూసింది. ఆ సాయంత్రమంతా నేను గళ్ళు చదివి ఒక పేరు చెప్పడం, ఇంకోటి రావడం. ఒక్కటి మాత్రం సరిగ్గా చెప్పాను. మా చెల్లి ఫోను పట్టుకుని వీధి గుమ్మం నుంచి పెరటి దాకా మా ఇల్లంతా తిరిగి తీసిన వీడియో అది. దానికి "మా ఇల్లు" అని పేరు పెట్టానని తనే చెప్పింది, అన్నిటికంటే పొట్టి పేరు అదే. వంటింట్లోంచి మా అమ్మ "ఆ ఫోను అవతల పెట్టవే, నా జుట్టు చూడు ఎలా ఉందో" అని గరిటె చూపించేసరికి "మా అమ్మండీ" అంటూ తెర దగ్గరికి జరిగాను. అవ్వ ఆ వీడియో తరవాత వారంలో ఎన్నిసార్లు పెట్టించుకుందో! రిమోటు పట్టడం కూడా దాంతోనే నేర్చుకుంది. నేనేమో ఆ పేర్లు ఇంగ్లీషులోకి మార్చాలని రోజూ అనుకుని రోజూ బద్ధకించాను. (నిజం చెప్పాలంటే బద్ధకం కాదు. పేర్లు మారిస్తే గళ్ళు పోతాయి, గళ్ళు పోతే అవేమయ్యాయని అవ్వ అడుగుతుంది.)

పది రోజుల తరవాత ఆఫీసుకి బయల్దేరుతూ మెట్లు దిగేసరికి గుమ్మం ముందు ముగ్గుంది. రోజూ వేసే పద్మం కాదు. రెండు గళ్ళు, కాస్త ఎడం, తరవాత ఐదు గళ్ళు. అవ్వ పక్కన నిలబడి చిన్నపిల్లలా నవ్వుతోంది. "సదువు సూద్దాం" అంది. ఆవిడే చదివింది, వేలితో చూపిస్తూ. "ముందు రెండూ మా. ఎనకటి ఐదూ ఇల్లు. నేనే కనిపెట్టినా, ఎవురూ చెప్పలే." నేను "బాగుందండి" అని చెప్పులు తొడుక్కుని పారిపోయాను. ఆ రోజు ఆఫీసులో ఏ కాగితం మీద చూసినా గళ్ళే కనిపించాయి. సాయంత్రం చెప్పేద్దామనుకున్నాను. సాయంత్రం ఆవిడ నాకోసం బోండాలు వేసి ఉంచింది. తింటూ ఎలా చెప్తాం? తిన్నాక అసలు చెప్పలేం.

ఆ వారంలోనే వాళ్ళ ఇంటి ముందు కొత్తగా కట్టిన వరండాకీ గేటుకీ పూజ పెట్టుకున్నారు. నెల్లూరు వదినగారు కూడా వస్తోందని తెలుసు. నాకు తెలియనిదల్లా, గేటు స్తంభానికి ఒక రాయి బిగించాలని అవ్వ తనలో తనే నిర్ణయించుకున్న సంగతి. శనివారం మధ్యాహ్నం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వరండాలో రాళ్ళు చెక్కే ఆచారి ఒకాయన కూర్చుని ఉన్నాడు. ముందు నున్నటి నల్లరాయి, దాని మీద స్కేలు పెట్టి సుద్దతో గీసిన ఏడు గళ్ళు. రెండు, కాస్త ఎడం, ఐదు. ఆయన నన్ను చూసి సంతోషంగా తమిళంలో, ముప్పై ఏళ్ళుగా రాళ్ళు చెక్కుతున్నాననీ, ఉలికి ఇంత అనువైన భాష ఇంతవరకూ చూడలేదనీ చెప్పి, మొదటి గడి మూల మీద ఉలి ఆనించాడు.

"ఆపండి!" అన్నాను. నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అవ్వ లోపల్నుంచి చెయ్యి తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "ఏందప్పా? తప్పు పోయిందా? ఎన్ని గళ్ళు తగ్గినాయి?" ఆ ప్రశ్న విన్నాక ఇంక నాలో ఏ కోతా మిగల్లేదు. వరండా మెట్టు మీద కూలబడి, అవి అక్షరాలు కావనీ, ఆ పెట్టెకి తెలుగు చదవడం రాదనీ, రానిచోటల్లా అలా గడి గీస్తుందనీ, ఆ మొదటిరోజే నాకు తెలుసుననీ మొత్తం చెప్పేశాను. ఆచారి ఉలి కింద పెట్టి బీడీ వెలిగించుకున్నాడు. అవ్వ రాయి వైపు చూసింది, హాల్లో టీవీ వైపు చూసింది.

"అయితే ఆ పెట్టికీ సదవను రాదా?"

"రాదండి."

"పాట పాడతాది. కత చెప్తాది. తెలుగులో ఏడస్తాది, నవ్వతాది. సదవను మాత్రం రాదు." "అచ్చం మా ఇంటోళ్ళ మాదిరే ఉండాదే అది" అని పకపకా నవ్వింది. నేను కూడా బతికాను రా దేవుడా అని నవ్వబోయాను. ఆవిడ నవ్వు ఆపేసింది. "దానికి రాదు గనక అది గడి చూపించింది. నీకు వచ్చు. నీవు ఏల గడి చూపిస్తివి?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ వయసులో నన్ను తిట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు, ఆఫీసులో మా పెద్దాయన రోజూ తిట్టేవాడు. అవేవీ గుర్తులేవు గానీ ఆ ఒక్క ప్రశ్న మాత్రం గుర్తుండిపోయింది.

అవ్వ లోపలికి వెళ్ళిపోయింది. ఇంక గది ఖాళీ చెయ్యమంటుందని నేను మనసులో పెట్టే బేడా సర్దుకుంటుంటే, ముగ్గుపిండి డబ్బాతో తిరిగొచ్చింది. "అక్షరాలు రాయి" అంది. నేలమీద పెద్దగా "మా ఇల్లు" అని రాశాను. ముగ్గుపిండి పట్టడం అలవాటు లేక వంకరటింకరగా వచ్చింది. ఆవిడ నడుం వంచి చాలాసేపు దాన్ని చూసి, "ఓసి, ఇదా! ఇది రొంబ సులభం. ఆ గళ్ళే నా చేతికి అణగలే" అని రెండు వేళ్ళ మధ్య పిండి తీసుకుంది. చుక్కల చుట్టూ యాభై ఏళ్ళు మెలికలు తిప్పిన చెయ్యి అది. మొదటిసారి కొంచెం తడబడింది. మూడోసారికి నా రాత పక్కన ఆవిడ రాత పెడితే తెలుగు నేర్పింది ఎవరో నేర్చుకుంది ఎవరో చూసినవాళ్ళు తారుమారు చేసేవాళ్ళు. కొమ్ము చివర మాత్రం పువ్వులా చిన్న మెలిక తిప్పింది. అలా ఉండదు అవ్వా అన్నాను. "నీవు ఊరుకో" అంది. ఆచారి ఆ ముగ్గు మీద కాగితం పరిచి అచ్చు తీసుకుని, మెలికతో సహా చెక్కాడు.

పూజ రోజు వదినగారు కారు దిగీ దిగకముందే స్తంభం ముందు ఆగింది. కళ్ళజోడు సవరించుకుని పైకే చదివింది. "మా ఇల్లు. ఎవరు రాశారే ఇది?" అని అడిగింది. నేను కుర్చీలు మోస్తున్నవాణ్ణి మోస్తున్నట్టే నిలబడిపోయాను. అవ్వ కొంగు సర్దుకుని, "నేనే రాసినా" అంది. అని ఊరుకోకుండా నా వైపు చెయ్యి చూపించి, "ఈ యానామబ్బాయి నేర్పించినాడు. రొంబ ఓర్పు ఆ పిల్లోడికి" అంది. వదినగారు నన్ను దగ్గరికి పిలిచి తల నిమిరింది. గళ్ళ మాట ఆ రోజే కాదు, నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అవ్వ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది, కళ్ళజోడూ వచ్చింది. నేను పుదుచ్చేరిలోనే ఉండిపోయాను. మా అమ్మాయి ఫోనులో ఏదో నొక్కి చూపించి "అర్థమైందా నాన్నా?" అంటే, అర్థం కాకపోయినా "ఆ" అంటూనే ఉంటాను. మారలేదు పాపం, అదే మనిషి. అప్పుడప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటాను. నలుగురిలో పరువు పోతుందేమోనని రెండు వారాలపాటు గళ్ళ వెనకాల దాక్కున్నాడు. ఆ పరువుని నలుగురి ముందూ అవ్వ ఒక్క మాటతో తీసి వాడి చేతిలో పెట్టింది.