మామ లేనప్పుడు నడిచిన మగ్గం

ముందే చెప్పేస్తున్నా. దయ్యాలను నేను నమ్మను. ఇది రాసి ముగించాక కూడా నమ్మను. గద్వాలలో నాకు సెల్‌ఫోన్ రిపేరు కొట్టు ఉంది. వాటంతట అవే మోగే ఫోన్లను రోజూ చూస్తుంటాను. ఒక్కదానికీ తాయెత్తు కట్టలేదు.

మా మేనమామ చీరలు నేస్తాడు. పోయిన ఎండాకాలం ఆయన ఎడమకాలి రక్తనాళం మూసుకుపోయి వేలు నల్లబడింది. కర్నూలులో ఒక దవాఖానలో చేర్చాం. ఆపరేషన్ చేసి రక్తానికి దారి చేయకపోతే కాలు తీసేయాలన్నారు. ముందు గుండె తట్టుకుంటుందో లేదో చూడాలి. ఈసీజీ బాగానే వచ్చింది. నడిస్తే ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తాయా అని డాక్టరమ్మ అడిగింది. రావన్నాడు మామ, పెళ్ళిచూపుల్లో కూర్చున్నంత బుద్ధిగా. మర్నాడే ఆపరేషన్ అన్నారు.

మామ బట్టల కోసం నేను గద్వాలలో ఆయన ఇంటికి వచ్చాను. మిట్టమధ్యాహ్నం. తాళం తీయబోతుంటే లోపల మగ్గం చప్పుడు. అత్త కూడా దవాఖానలోనే ఉంది. నాలుగు దెబ్బలు పడుతున్నాయి, ఆగుతోంది, ఎవరో రొప్పుతున్నారు, మళ్ళీ నాలుగు దెబ్బలు. దొంగేమో అనుకున్నాను. దొంగతనానికి వచ్చి చీర నేసిపెట్టేంత మంచి దొంగ మా జిల్లాలో లేడు.

తలుపు తీశాను. చప్పుడు ఆగింది. నేసేవాళ్ళు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంతలో ఎవరూ లేరు. పక్కింటివాళ్ళు మగ్గం ఎప్పుడో తీసేశారు. ఎలుకలనుకుందామంటే, ఎలుకలకు అంత ఆయాసం ఉండదు. ఆ రొప్పు అచ్చం మామదిలాగే ఉంది.

వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తాడు. అంటే బతికే ఉన్నాడు.

"మామా, మగ్గం మీద కూసుంటే ఆయాసం వస్తదా?"

"వస్తది. రొమ్ము పట్టేసినట్లయితది. జర ఆగితే పోతది. అయితే ఏందిరా?"

"మరి డాక్టరమ్మకు లేదన్నవ్?"

"ఆమె నడిస్తే వస్తదా అన్నది. నేను నడుస్తనా? కాలు నడవనిస్తదా?"

డాక్టరమ్మకు ఫోన్‌లో ఈ మాటే చెప్పాను. చప్పుడు సంగతి చెప్పలేదు. చెబితే పక్క మంచం నాకే. ఆమె ఆపరేషన్ ఆపి, గుండెకు ఇంకా పరీక్షలు చేయాలన్నది. నేను తిరిగి వెళ్ళేసరికి మామ మొండికేసి ఉన్నాడు.

"కాలు నొస్తుందంటే గుండెల మీద పడ్డరేందిరా? నేను ఇంటికి పోత."

"పో మామా. ఎవరాపిన్రు? లేచి నడువు."

తిట్టుకుంటూనే పరీక్షకు వెళ్ళాడు. గుండెకు పోయే పెద్ద నాళం దాదాపు మూసుకుపోయి ఉంది. అలాగే కాలి ఆపరేషన్ మొదలుపెడితే బల్ల మీదే ప్రాణం పోయేదేమో అన్నది డాక్టరమ్మ. ముందు గుండెకు స్టెంటు వేశారు, కాలు సంగతి తర్వాత చూశారు. వేలు పోయింది. కాలు, మామ దక్కారు.

"మన పెద్దలెవరో వచ్చి నేసిన్రురా" అని, చప్పుడు సంగతి నా నోట విన్న అత్త మగ్గానికి నిమ్మకాయలు కట్టింది. నేను ఒప్పుకోను. పోయినవాళ్ళకు ఆయాసమెందుకు? దయ్యమనీ అనను. దయ్యం కావాలంటే ముందు ఎవరో ఒకరు చావాలి. నేను ఆ తలుపు ముందు నిలబడ్డ సమయానికి మామ కర్నూలులో, అన్నంలో ఉప్పు లేదని అత్తతో కొట్లాడుతున్నాడు. మరి ఆ గుంతలో ఊపిరి అందక ఆగింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.