కలుపు, సెప్పు

2022 వానాకాలం. విజయనగరంలో నాది కంప్యూటర్ రిపేరు షాపు. నెల్లిమర్ల నుంచి సుగుణ అనే నర్సు ఒక పాత హోమ్ కంప్యూటరు, టేప్ రికార్డరు, క్యాసెట్టు పట్టుకొచ్చింది. టీవీకి తగిలించి వాడే ఎనభైల నాటి మిషను. లెక్కల టీచరైన వాళ్లమ్మ పిల్లల కోసం అందులో ప్రోగ్రాం రాసిందట. ఆవిడ ఏడాది క్రితం పోయారు.

“ఇది పనిసేస్తాదా సార్? లేదంటే తమ్ముడు రేపు పాత సామాన్లోడికి ఇచ్చీస్తానంటన్నాడు. అమ్మ రాసింది ఒక్కపాలి సూడాల,” అంది.

పవర్ సప్లై మార్చాక మిషను లేచింది. అందులో మొదటినుంచీ ఉండే భాష బేసిక్. అది నాకు కొట్టినపిండి. క్యాసెట్టులో ఉన్నది ఫోర్త్ అనే మరో భాష, అందులో ఆవిడ రాసిన ప్రోగ్రాం. బేసిక్ నెమ్మది, కానీ తేలిక. ఫోర్త్ మహా వేగం, పైగా కొత్త మాటలు మనమే దానికి నేర్పవచ్చు. అయితే అంకెలు ముందు, చేయాల్సిన పని చివర. పిల్లల లెక్కలకు ఈ తిరకాసు ఎందుకని విసుక్కున్నాను.

“మీరు ఏం కొట్టేవాళ్లు?” అని అడిగాను.

“రెండంకెలు కొట్టి కలుపు, సెప్పు అనీవోలం సార్.”

7 8 KALUPU CHEPPU అని కొట్టాను. CHEPPU పక్కన ప్రశ్న గుర్తు వచ్చింది. అంటే ఆ మాట దానికి తెలియదు. మళ్లీ లోడ్ చేసినా అంతే. “టేపు సగం పాడైందమ్మా, ఆశ వదులుకోండి,” అనేశాను.

సుగుణ మొహం చిన్నబోయింది. తెర చదివి, అంతలోనే నవ్వింది.

“మీదే ఊరు సార్?”

“గుంటూరు.”

“అదీ సంగతి. నేను సెప్పు అంటే మీరు చెప్పు అని కొట్టీసినారు. మాయమ్మ ఎలా మాటాడితే అలాగే రాసీది.”

SEPPU అని కొట్టాను. 15 వచ్చింది. ఇంగ్లిష్‌లోలాగా బేసిక్‌లో ‘ప్రింట్’ అనే ఆజ్ఞ ముందు రావాలి. ఫోర్త్‌లో “ఏడూ ఎనిమిదీ కలుపు, సెప్పు”. అచ్చం మన వాక్యమే. ఆవిడ ఆ భాష ఎందుకు ఎంచుకున్నారో అప్పుడు అర్థమైంది. చాలా ముచ్చటేసింది.

సుగుణ కీబోర్డు తన వైపు లాక్కుని AMMA అని కొట్టింది. తెర మీద ETE అని వచ్చింది. కూతురు పిలిస్తే ఇక్కడి తల్లులు పలికే మాట, “ఏటే?” సుగుణ భోరున ఏడ్చింది.

కాసేపటికి తేరుకుని తమ్ముడికి ఫోన్ చేసింది. “ఒరే, సామాన్లోడిని రావద్దను. అమ్మ పలకతన్నాది.”

ఏ భాష మేలని కుర్రాళ్లు అడిగితే వేగం, మెమరీ సంగతులు ఇప్పటికీ చెబుతాను. కానీ ఏ టేపైనా పాడైందని చెప్పే ముందు, ఆ ఇంట్లో ఎలా మాట్లాడుకునేవారో అడుగుతున్నాను.