యొర్దానులో బర్రె

ఆ రోజుల్లో నా దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులుండేవారు. కళ్ళున్నందుకు చూసేవాళ్ళు, కళ్ళుండీ చూడనివాళ్ళు. మొదటి రకంలో నేనొక్కదాన్నే ఉన్నానని నా గట్టి నమ్మకం. ఇరవై మూడేళ్ళు, ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, చిలకలగూడలో మూడో అంతస్తు అద్దె ఇల్లు, ఆ ఇంట్లో బట్టలారేసే వరండా నా స్టూడియో. (తడి దుప్పట్లలోంచి వడగట్టి వచ్చే వెలుతురు గురించి నేనిప్పటికీ గంటసేపు మాట్లాడగలను. భయపడకండి, మాట్లాడను.) కొండలు, చెరువులు, చెట్లు ఉన్నవి ఉన్నట్టు వేసి బతకాలని నా కోరిక. ఉన్నవి ఉన్నట్టు అంటే మాటవరసకి కాదు. ‘చూడనిది వెయ్యను, చూసింది తియ్యను’ అని వరండా గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను. మర్నాడే అమ్మ దాని మీద మా చర్చి సంఘం క్యాలెండరు తగిలించింది.

బతకాలన్న కోరికకీ బతకడానికీ మధ్య చాలా దూరం ఉందని మెల్లగా తెలిసింది. నేను పన్నెండు రోజులు కష్టపడి మౌలాలి గుట్ట వేసి ఫేస్‌బుక్కులో పెడితే, ‘సూపర్ ఫోటో, ఏ కెమెరా?’ అని అడిగారు. ఒక గ్యాలరీకి బొమ్మలు పట్టుకెళితే, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకున్న ఒకావిడ నా చెరువు బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, “కాన్సెప్ట్ ఏంటి?” అంది.

“చెరువండీ.”

“అది తెలుస్తోందమ్మా. చెరువు వెనక ఏముంది?”

“గట్టుందండీ,” అన్నాను నిజాయితీగా.

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ కళ్ళ మీదికి దించుకుని నావైపు జాలిగా చూసింది. బొమ్మలు చంకన పెట్టుకుని సిటీ బస్సులో నిలబడి ఇంటికి వచ్చేశాను.

మా నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికని సికింద్రాబాదు వచ్చి స్థిరపడిన హెడ్ క్లర్కు. మా సంఘం కమిటీకి కార్యదర్శి కూడా. ఆ కమిటీలో ఆయన పని అందరూ అన్న మాటలు మినిట్స్ పుస్తకంలో రాయడమే తప్ప తానొక మాట అనడం కాదు. అమ్మ రాంగోపాల్‌పేటలో టీచరు. ఆ వేసవి ముందు నాన్న నన్ను పిలిచి కూర్చోబెట్టి, ఆఫీసు ఉత్తరం చదివినట్టు చెప్పారు.

“ఈస్టరు దాకా చూద్దాం అమ్మాయ్. ఈలోగా నీ బొమ్మ ఒక్కటంటే ఒక్కటి, మనింటి గోడ కాకుండా బయటి గోడ మీద నలుగురూ ఒప్పుకుని ఉంచుకున్నారనుకో, నీ దారి నీది. నేనింక అడగను. లేదంటే బి.ఎడ్. ఫారం నింపుదువుగాని.”

ఫారం అప్పటికే తెచ్చేశారు. అమ్మ దాన్ని నలగకుండా బైబిల్లో, కష్టాలన్నీ ఓర్చుకున్న యోబు గ్రంథం దగ్గర పెట్టింది.

గోడ ఎక్కడ దొరుకుతుందా అని నేను ఊరంతా తిరుగుతుంటే, అది మా గుళ్ళోనే దొరికింది. మా సంఘంలో బాప్తిస్మం అంటే నీళ్ళలో ముంచి ఇచ్చేదే. ప్రసంగ వేదిక వెనక టైల్స్ వేసిన తొట్టి ఉంటుంది. దాని వెనక గోడ మీద, అందులో దిగినవాళ్ళు నదిలోనే దిగినట్టు ఉండాలని, యేసు బాప్తిస్మం పొందిన యొర్దాను నది బొమ్మ వేయించడం ఆనవాయితీ. మా పాత యొర్దానుని ఎప్పుడో ఒక సినిమా బోర్డుల పెయింటరు వేశాడు. వెనక మంచు కొండలు, ముందు కొబ్బరిచెట్లు, మధ్యలో రెండు హంసలు. చెమ్మకి పెచ్చులూడి ఒక హంసకి మెడ పోయింది. దాని బదులు ఫ్లెక్సు వేయిద్దామని కమిటీలో మైకు తాతయ్య ప్రతిపాదించాడు. (రైల్వేలో ఎలక్ట్రీషియనుగా రిటైరై, గుళ్ళో మైకులు, ఫ్యాన్లు, నీళ్ళు, చివరికి పాస్టరుగారి ప్రసంగం నిడివి కూడా చూసుకునే పెద్దాయన.)

“ఫ్లెక్సైతే అరగంటల అయిపోతది అయ్యగారూ. పాతదైతే తీసి షెడ్డు మీద కప్పుకోవచ్చు సుత,” అన్నాడు.

నేను పాస్టరు అయ్యగారి ఇంటికి పరిగెత్తాను. పాస్టరుగారు నేను చెప్పిందంతా విని, వెలుతురు గురించి మాట్లాడినప్పుడు మధ్యలో ఒకసారి మజ్జిగ తాగి, “సరే తల్లీ, నువ్వే వెయ్యి. ఈస్టరుకి ఐదుగురు బాప్తిస్మానికి ఉన్నారు. అప్పటికి అయిపోవాలి,” అన్నారు. ఆయన అంత తొందరగా ఒప్పుకుంటారని నేననుకోలేదు. ఇంటికొచ్చి వరండాలో తడి దుప్పటి వెనక నిలబడి కాసేపు ఏడ్చాను.

మరి నేను యొర్దాను చూడలేదే! చూడనిది వెయ్యను కదా. ఇంటర్నెట్టులో చూసి వేస్తే సరిపోయేది, లోకంలో ఎవరైనా అదే చేసేవాళ్ళు. నేను మాత్రం నదంటే నీళ్ళు, నీళ్ళంటే నేను కళ్ళారా చూసే నీళ్ళు అని తీర్మానించుకుని, మల్కాజిగిరి అవతల ఉన్న ఒక చెరువుకి ఐదింటికి అలారం పెట్టుకుని పొద్దున్నే వెళ్ళడం మొదలుపెట్టాను.

ఆ పొద్దుల గురించి ఏం చెప్పను? ఆరు గంటలకి చెరువు బూడిదరంగులో, ఇంకా నిద్రలో ఉన్నట్టు ఉండేది. ఆరుంపావుకి తుమ్మచెట్ల చివర్లు కాస్త ఎర్రబడేవి. ఆరున్నరకి పాలలో పసుపు కలిపినట్టు నీళ్ళన్నీ ఒక్కసారి మారేవి, ఆ రంగు మూడు నిమిషాలుండేది. ఏడింటికి మళ్ళీ మామూలు చెరువు, గట్టు మీద చెత్త, దూరంగా ఎంఎంటీఎస్ రైలు చప్పుడు. ఆ మూడు నిమిషాల కోసం నేను మిగతా ఇరవై మూడు గంటల యాభై ఏడు నిమిషాలూ ఎదురుచూసేదాన్ని. అన్నం తింటున్నా, అమ్మ ఏదో చెబుతున్నా, నా కళ్ళ ముందు ఆ పసుపు నీళ్ళే. అంత సుఖంగా నేను ఆ తర్వాత ఎప్పుడూ లేను.

బర్రెల్ని కడగడానికి వచ్చే కాక ఒకాయన నన్ను వారం రోజులు గమనించి, ఆగలేక అడిగేశాడు. “ఏంది బిడ్డా, రోజు గిట్లనే కూసుంటవ్? ఏమన్న పోగొట్టుకున్నవా నీళ్ళల్ల?”

“బొమ్మ గీస్తున్న కాకా.”

ఆయన వంగి నా పుస్తకంలోకి చూశాడు. “చెరువు మంచిగున్నది. మా బర్రె ఏది మరి? గింత పెద్దది కనబడ్తలేదా?”

నిజమే. ప్రతిరోజూ అవతలి ఒడ్డు దగ్గర మోకాలి లోతు నీళ్ళలో ఒక బర్రె కదలకుండా నిలబడేది, దాని నీడ కింద నీళ్ళలో తలకిందులుగా నిలబడేది. నేనేమో దాన్ని వదిలేసి వేస్తున్నాను. నా సిద్ధాంతం నాకే గుర్తుచేసిన ఆ కాకకి మనసులోనే దండం పెట్టుకుని, బర్రెని వేసేశాను.

గోడ మీద పని ఐదు వారాలు పట్టింది. అడ్డంగా దుప్పటి తెర కట్టుకుని, కింది భాగం ఖాళీ తొట్టిలో నిలబడి, పైభాగం తొట్టికి అడ్డంగా బల్ల వేసుకుని కూర్చుని వేశాను. బండరాళ్ళు, తుమ్మచెట్లు, గుర్రపుడెక్క ఆకులు, ఆరున్నరప్పటి పసుపు నీళ్ళు. ఆ నీళ్ళు గోడ దిగి తొట్టి నీళ్ళలో కలిసిపోయేలా చేశాను. అవతలి ఒడ్డున బర్రె, దాని కింద దాని నీడ. ఈస్టరుకి వారం ముందు, మట్టల ఆదివారం నాడు ఆరాధన అయ్యాక తెర తీశాం.

ఎవరో ‘అబ్బ’ అన్నారు. నా గుండె పొంగింది. అంతలో మైకు తాతయ్య గొంతు, మైకు కట్టెయ్యడం మరిచిపోయాడేమో, గుడంతా మోగింది.

“యొర్దానుల బర్రె ఏందమ్మా?”

కమిటీ అప్పటికప్పుడు కూర్చుంది. నీళ్ళు బాగున్నాయన్నారు, చెట్లు బాగున్నాయన్నారు, గుర్రపుడెక్కని కూడా తామరాకులనుకుని మెచ్చుకున్నారు. బర్రె మాత్రం కుదరదన్నారు. “దేవుని వాక్యంలో బర్రె ప్రస్తావన లేదు కదమ్మా,” అన్నారు పాస్టరుగారు మెత్తగా. “హంసల ప్రస్తావన కూడా లేదు కదండీ అయ్యగారూ,” అన్నాను. ఆ తర్వాత సత్యం గురించి, కళ గురించి, చూపు గురించి పావుగంట మాట్లాడాను. (ఏం మాట్లాడానో గుర్తులేదు. గుర్తులేకపోవడం నా అదృష్టం.) చివరికి మైకు తాతయ్య తేల్చేశాడు. “బర్రె పోవాలె, లేకుంటే ఫ్లెక్స్ రావాలె. ఈస్టరుకు ఏదో ఒకటి గావాలె.” నాన్న తల వంచుకుని ఆ మాట పుస్తకంలో రాసుకున్నారు.

ఇంటికి వచ్చాక అమ్మ అన్నం పెడుతూ, “ఒక్క బర్రె కోసం బతుకంతా పోగొట్టుకుంటావా?” అంది. యోబు గ్రంథం దగ్గర ఫారం అంచు బయటికి కనిపిస్తోంది. ఆరు రోజులు మొండికేశాను. ఏడో రోజు, ఈస్టరు ముందు శనివారం మధ్యాహ్నం, ఓడిపోయి రంగుల పెట్టె తీసుకుని గుడికి వెళ్ళాను.

వెళ్ళేసరికి ట్యాంకరు వచ్చి వెళ్ళిపోయింది. తొట్టి నిండా నీళ్ళు. మైకు తాతయ్య గట్టు మీద కాపలా కూర్చున్నాడు. “నీళ్ళల్ల దిగకు పాపా. ఒక్క చుక్క రంగు పడ్డా ఊకోను. మళ్ల ట్యాంకరు దొర్కదు.” బల్ల వేసుకుని దాని మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ, బర్రెని కొమ్ముల దగ్గరనుంచి మొదలుపెట్టి ఒడ్డు రంగుతో కప్పేశాను. కొమ్ములు పోయాయి, వీపు పోయింది, చివరికి ఆ మెత్తని చూపు పోయింది. దులుపుకుని వచ్చేశాను. తాతయ్య బల్ల తీసి పక్కన పెట్టాడు.

ఈస్టరు ఆదివారం గుడి కిటకిటలాడుతోంది. నేను మూడో బెంచీలో కూర్చున్నాను. పాస్టరుగారు తొట్టిలోకి దిగారు, తెల్లబట్టల్లో మొదటి అబ్బాయి దిగాడు, పాట ఎత్తుకున్నారు. అప్పుడు తలెత్తి చూశాను. ఒడ్డున బర్రె లేదు. నీళ్ళలో బర్రె నీడ ఉంది. కొమ్ములతో సహా, తలకిందులుగా, హాయిగా నిలబడి ఉంది. బల్ల చాటున ఉండిపోయిన దాన్ని నేను పూర్తిగా మరిచిపోయాను. నాలుగేళ్ళు నీడలూ ప్రతిబింబాలూ చదువుకున్న మనిషిని!

ఎవరూ చూడకపోతే బాగుండునని ప్రార్థించాను. (అంత శ్రద్ధగా ప్రార్థించడం అదే మొదటిసారి.) కానీ ముందు బెంచీలో చెవులు వినిపించని అవ్వ ఒకావిడ ఉండేది. వినిపించదు కాబట్టి ఆవిడ గుసగుస అందరికీ వినిపిస్తుంది. పాట చరణానికీ చరణానికీ మధ్య ఆవిడ పక్కావిడని అడిగింది.

“నీడ ఈడ్నే ఉన్నది గదనే. బర్రె యాడికి వోయింది?”

మొత్తం గుడి బర్రె కోసం వెతికింది. పాడేవాళ్ళలో ఒకరికి నవ్వొచ్చి పాట ఆగిపోయింది. నీళ్ళలో నిలబడ్డ పాస్టరుగారు వెనక్కి తిరిగి చూసి, భుజాలు కదలకుండా నవ్వాపుకోవడానికి పడ్డ అవస్థ నాకు మూడో బెంచీలోంచి కనిపించింది. బాప్తిస్మం పొందాల్సిన అబ్బాయి మాత్రం పాపం కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు.

ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. మైకు తాతయ్య కోపంగా లేడు, అందుకు ఇంకా భయం వేసింది. “పిల్లను పరేషాన్ చేసుడెందుకు అయ్యగారూ. రేపే ఫ్లెక్స్ పెట్టిస్త,” అన్నాడు. ఎవరూ కాదనలేదు. బి.ఎడ్. అయ్యాక పిల్లలకి మామిడిపండు బొమ్మ గీయడం నేర్పుతూ రిటైరవడం దాకా అంతా కళ్ళకి కట్టింది.

అప్పుడు నాన్న కలం మూత పెట్టి లేచి నిలబడ్డారు. ఆ కమిటీలో ఆయన లేచి నిలబడటం ఎవరూ చూసి ఉండరు.

“నాదొక మాటండీ,” అన్నారు. “బర్రె లేకుండా నీడొక్కటీ ఉంటే చూడ్డానికి దిగులుగా ఉందండి. పొద్దున్నుంచీ నాకదే దిగులు. దాన్ని మళ్ళీ పెట్టించండి.”

“యొర్దానుల బర్రెలుంటయా సారూ?” అన్నాడు తాతయ్య.

“ఉంటాయో ఉండవో మీరూ నేనూ వెళ్ళి చూశామా అండీ? మా అమ్మాయి చూసొచ్చిన నీళ్ళలో మాత్రం ఉంది. అది అబద్ధం వెయ్యదండి. దానికి చేతకాదు.”

పాస్టరుగారు నవ్వి, “రాసుకోండి మరి,” అన్నారు. నాన్న కూర్చుని, కలం మూత తీసి, గుండ్రని అక్షరాలతో రాశారు: ‘బర్రెను యథాస్థానమునందు ఉంచుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.’ మైకు తాతయ్య కూడా సంతకం పెట్టాడు.

మర్నాడు తెల్లవారకముందే నేను చెప్పులేసుకుంటుంటే, నాన్న మఫ్లరు చుట్టుకుని గుమ్మంలో ఉన్నారు. నాతో పాటే మెట్లు దిగారు. చెరువు గట్టు మీద రాయి మీద నా పక్కన కూర్చున్నారు. బూడిదరంగు చూశారు, ఎరుపు చూశారు, ఆ పసుపు మూడు నిమిషాలూ కదలకుండా చూశారు. నేను గీయలేదు. ఏడయ్యాక కర్చీఫుతో కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగారు.

“రోజూ ఇదేనా నీ పని?”

“ఇదే నాన్నా.”

ఇంకాసేపు నీళ్ళవైపు చూసి, “కష్టమే,” అన్నారు.

అంతే. ఫారం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నా బొమ్మలు ఫ్లాట్లలో, ఆస్పత్రుల వరండాల్లో, ఒకటి రెండు హోటళ్ళలో వేలాడుతున్నాయి. ప్రకృతి దృశ్యాలు వేసి బతుకుతున్నాను, బాగానే బతుకుతున్నాను. కొనేవాళ్ళకి కరెంటు స్తంభాలు నచ్చవు, తీసేస్తాను. చెత్త నచ్చదు, తీసేస్తాను. ఈమధ్య వాళ్ళు అడగకముందే తీసేస్తున్నాను, నీడలతో సహా, ఒక్కటి కూడా మరిచిపోకుండా. పోయిన వారం ఒక బొమ్మ పూర్తిచేసి వెనక్కి జరిగి చూసుకుంటే, అందులో తీయడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆ ఇరవై మూడేళ్ళ అమ్మాయి గనక వరండాలోంచి తొంగి చూస్తే ఎంత గొడవ పెట్టేదో అనుకుని నవ్వుకున్నాను. తర్వాత అలారం ఐదింటికి పెట్టుకుని పడుకున్నాను.