పదో ఎలుకను తీసెయ్యని రాజమణి

మంగళవారం ఉదయం ఏడుంబావుకు ఫోన్ వచ్చింది. డాక్టర్ రాజమణి గుండెపోటుతో కన్నుమూసింది. నా శిష్యురాలు; నాకంటే పంతొమ్మిదేళ్లు చిన్నది. జీవితమంతా లెక్కలు చెప్పిన నాకు ఈ ఒక్క తీసివేత ఒప్పడం లేదు.

సిరిసిల్లలో మరమగ్గం నడిపిన నేతన్న బిడ్డ. తొమ్మిది, పది తరగతుల్లో నా దగ్గర చదివింది. హైదరాబాదులో పరిశోధకురాలైంది. ఎలుకల్లో రోగాన్ని ఎదిరించే కణాలను తీసి, క్యాన్సర్ కణితిని గుర్తుపట్టేలా తయారుచేసి, లక్షలుగా పెంచి, కణితి ఉన్న వేరే ఎలుకలకు ఎక్కించేది. కణితి పెరుగుదల మందగిస్తుందా? పదకొండేళ్లు ఆ ఒక్క ప్రశ్న మీదే ఉంది.

చివరికి పది ఎలుకల్లో తొమ్మిదింటికి మందగించింది. పదోదానికి మాత్రం, కణాలు ఎక్కించని ఎలుకల్లోలాగే కణితి పెరిగింది. కంటి పరీక్షకని హైదరాబాదు వెళ్లిన నేను ఆ రోజు ఆమె గదిలోనే కూర్చున్నాను. తోటి పరిశోధకురాలు సునీత కాగితాలు పట్టుకొచ్చింది.

“మేడం, గీ పదోదాన్ని తీసేద్దాం. సూది సరిగ పడలేదేమో.”

“సరిగ పడ్డదని నువ్వే రాసినవ్ గద! కణితి పెరిగినంక సూది వంకరైందా?”

“గిట్ల పంపితే ఎవ్వరు అచ్చెయ్యరు. పదకొండేండ్ల కష్టం మేడం!”

“మా బాపు పోగు తెగిన జాగను మడత పైకే పెట్టి సేటుకు చూపెటోడు. లోపట దాస్తే రేపు బట్టంత ఎనక్కొస్తదనెటోడు.” నా వైపు తిరిగింది. “టీచరమ్మా, పదీ కలిపి సగటు తీయుండ్రి.”

రెండుసార్లు తీశాను. ఫలితం తగ్గింది గాని పోలేదు. అదే పంపింది. చిన్న ఫలితమని రెండు పత్రికలు తిప్పి పంపాయి. అంకె మార్చకుండా మూడోదానికి పంపింది, అచ్చయింది.

తర్వాత ఆమెను ఎరగనివాళ్లు, మరో నగరంలో, అదే ప్రయోగం చేసి చూశారు. వాళ్లకూ కొన్ని ఎలుకలు లొంగలేదు. సగటు మాత్రం ఆమె చెప్పినంతే! పదోదాన్ని తీసేసి ఉంటే ఆ రెండు లెక్కలూ కలిసేవి కావు. ఆమె మాట అబద్ధమయ్యేది.

సిరిసిల్లలో సన్మానం చేస్తే రాజమణి వాళ్లమ్మ వేదిక మీదే అడిగింది:

“ఎలుకకు నయమైందా బిడ్డా?”

“నయం కాలే అవ్వా. గడ్డ జర నిమ్మలంగ పెరుగుతున్నది.”

“గంతేనా? గీ దండలన్నీ గందుకేనా?”

సభంతా నవ్వింది. అందరికంటే గట్టిగా రాజమణే నవ్వింది.

బుధవారం అంత్యక్రియలకు, అదే ప్రయోగం చేసి చూసిన ఆ నగరం వాళ్లు ముగ్గురు వచ్చారు. వారిలో పెద్దాయన నాతో అన్నారు: “ఈమె ముఖం ఇవాళే చూస్తున్నామమ్మా. అంకెను మాత్రం ఏనాడో నమ్మాం.”

అంతటి నమ్మకం సంపాదించిన మనిషి మళ్లీ మాకు దొరకదు.