సూరమ్మ పాటను సువాలో అచ్చు వేయించిన రోజు

సూరమ్మత్త గిర్మిట్, అంటే ఈ దీవిలో ఆమె కూలి ఒప్పందం, ముగిసింది. ఇండియా ఓడ ఎక్కడానికి ఆ సాయంత్రంలోగా సువాలో, తిరుగు ప్రయాణపు కూలీలను ఉంచే డిపోకు చేరాలి. చెరకు కోతలో ఆమె కట్టిన పాట అప్పటికే తోటలన్నీ తిరిగింది. కూలీలుండే ఒక్కో గదుల లైనులో ఒక్కో తీరున పాడుతున్నారు. తను వెళ్ళాక అసలు పాట ఎవరికీ తెలియదని ఆమె దిగులు. అచ్చు వేయిస్తానని మాటిచ్చాను. సువా ప్రెస్సులో తెలుగు అక్షరాలు లేవు కనుక నాలుగు పాదాలూ చెక్కదిమ్మె మీద నేనే చెక్కాను.

నౌసోరి మిల్లు రేవులో పొద్దున్నే లాంచీ ఎక్కాం. మనిషికి షిల్లింగు. సగం బల్లల మీదే నీడ ఉంటుంది, ముందుగా వెళ్ళండి. దారిలో ఆమెకు మా మాస్టారి పాఠం చెప్పాను. పిల్లలు తల్లిదండ్రుల్లాగే పుడతారు, కానీ కొంచెం తేడాతో. ఆ తేడాలు యుగాల తరబడి పోగుపడితే కోతిలాంటి జీవి మనిషైంది. పాట కూడా అలాగే మారుతోందనీ, అచ్చు వేస్తే ఆ మార్పు ఆగుతుందనీ అన్నాను.

ఆమె, "అయితే మా కులంబర్ దొర ఇంకా సగం తోవలోనే ఉండిపోయేడ్రా" అంది. కులంబరంటే తోటలో కూలీలను అదిలించే తెల్ల ఓవర్సీరు. పక్కనున్న కూలీలు పడీపడీ నవ్వారు.

మధ్యాహ్నానికి ముందే ప్రెస్సు చేరాం. మొదటి కాగితం తీసి చూస్తే అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. దిమ్మె మీద నేను మామూలుగా చెక్కేశాను. యజమాని నాలుగింటికి తలుపులు మూస్తానన్నాడు. దిమ్మెను రెండో వైపుకు తిప్పి, ఈసారి అక్షరాలను తిరగేసి చెక్కడం మొదలుపెట్టాను. వేళ్ళు బొబ్బలెక్కినా ఉలి దించలేదు. మూసే ముందు పాతిక కాగితాలు సరిగ్గా వచ్చాయి.

డిపో గేటు దగ్గర వాటిని సూరమ్మత్త చేతిలో పెట్టాను. ఆమె వాటిని నాకే తిరిగిచ్చి, తిరగబడిన ఆ ఒక్క కాగితం అడిగి తీసుకుంది.

"నాకు సదువెలాగూ రాదు. మంచివి మన లైనులో ఆడోళ్ళకియ్యి."

లోపలికి వెళ్ళిపోయింది. అచ్చు మార్పును ఆపుతుందనుకున్నాను. సరైన పాట ఇక్కడ మిగిలింది, తేడా వచ్చినది సముద్రం దాటబోతోంది. అక్కడ దాన్ని చూసినవాళ్ళు ఏమని చదువుకుంటారో!

మీరూ దిమ్మె చెక్కాలనుకుంటే పల్చటి కాగితం మీద రాసి, రాత కిందికి వచ్చేలా దిమ్మెకు అతికించి, కనిపించే గీతల వెంటే ఉలి నడపండి.