పన్నెండడుగుల డిష్

నా చిన్నప్పుడు, ఒక ఆదివారం పొద్దున తొమ్మిదింబావుకు, పసుపు కుంకుమ గిన్నె, ఒక కొబ్బరికాయ పట్టుకుని మా మిద్దె ఎక్కాను. నాకప్పుడు పదేళ్ళు. మేం సూర్యాపేటలో ఉండేవాళ్ళం. ఆ రోజు తొమ్మిదిన్నరకు మా తాతయ్య టీవీలో రావలసి ఉంది. ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, తుంగతుర్తి దగ్గర ఒక పల్లెలో గొర్రెలు కాసేవాడు, డోలు దరువు మీద ఒగ్గు కథ చెప్పేవాడు. ఆయన పోయే ముందటి ఏడు టీవీ వాళ్ళు వచ్చి ఆయన చెప్పిన కథ ఒక అరగంట కెమెరాతో తీసుకుని వెళ్ళారు. అది ఎప్పుడు వేస్తారో చెబుతూ ఉత్తరం వచ్చేసరికి ఆయన లేడు. ఆయనది ఒకటే ఫోటో ఉండేది, ఎవరిదో పెళ్ళిలో తీసింది. అందులో తలపాగా నీడ పడి కళ్ళు కనిపించవు. అమ్మ ఆ ఫోటో తీసి చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టేసేది.

మా ఇంట్లో టీవీ ఉంది. కానీ ఆ కార్యక్రమం ఉపగ్రహం నుంచి వచ్చేది, మా మామూలు యాంటెన్నాకు అందదు. మా వాడకు కేబుల్ ఇంకా రాలేదు. డిష్ కొందామని అమ్మ అంది. నాన్న మిర్యాలగూడలో రైసు మిల్లులో పనిచేసేవాడు. అక్కడ అడిగి వచ్చి, ఎనిమిదడుగులది చాలునట అన్నాడు. ఆ ‘చాలునట’ అమ్మకు నచ్చలేదు. తానే చూసి కొంటానని నన్ను వెంటబెట్టుకుని కోదాడ బస్సెక్కింది.

కోదాడ దుకాణంలో మెకానిక్ ముందుగా రిమోట్ ఉన్న రిసీవర్ తీసి చూపించాడు. దాని మీద ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి.

“తమ్మీ, గా రిమోట్ తోని మా నాయిన మొకం సాఫ్ కనవడ్తదా?” అని అమ్మ అడిగింది.

“అదేం లేదమ్మా. కుర్చీలోంచి లేవక్కర్లేదు, అంతే.”

“మేం కింద కూసునేటోల్లం. లేస్తం తియ్యి.”

అతను నవ్వి, ఇక వస్తువులన్నీ ఓపికగా వివరించాడు. పైనుంచి సిగ్నల్ చాలా సన్నగా వస్తుంది. దాన్ని ముందు డిష్ పోగు చేస్తుంది. డిష్ నడుమ పెట్టే ఎల్‌ఎన్‌బి దాన్ని పెంచి కిందికి పంపుతుంది. ఆ తర్వాతే రిసీవర్. డిష్‌లో పడనిదాన్ని ఎంత ఖరీదైన రిసీవరూ తేలేదు. అమ్మ ఇదంతా విని, పన్నెండడుగుల జాలీ డిష్ దగ్గరికి వెళ్ళింది. గొర్రెపిల్లను కొనేవాళ్ళు పక్కటెముకలు తడిమినట్టు దాని రేకులన్నీ వేలితో తడిమి, సొట్ట ఉన్నదాన్ని పక్కన పెట్టించింది. జాలీ అయితే గాలి దూరిపోతుందని అతను చెప్పాడు. మంచి ఎల్‌ఎన్‌బి ఒకటి, రిమోట్ లేని రిసీవర్ ఒకటి తీసుకున్నాం. నేను మూతి ముడుచుకున్నాను.

“ఒక్కటి గుర్తు పెట్టుకోండమ్మా,” అన్నాడు మెకానిక్. “పెద్ద డిష్‌కి చూపు సన్నం. అంగుళం కదిలినా బొమ్మ పోద్ది.”

శనివారం అతనే వచ్చి మిద్దె మీద గొట్టం పాతి డిష్ బిగించాడు. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి చూసి, “గింత పెద్ద జల్లెడ ఏందే? ఊరోల్లందరి పిండి జల్లిస్తవా?” అంది. అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. సాయంత్రానికి బొమ్మ అద్దంలా వచ్చింది. సిమెంటు ఇంకా పచ్చిగా ఉందని, సోమవారం వచ్చి బోల్టులు పూర్తిగా బిగిస్తానని, అందాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి అతను వెళ్ళిపోయాడు.

మా ఇంట్లో ఏ కొత్త వస్తువుకైనా, సైకిలుకైనా కుట్టుమిషనుకైనా, బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టకుండా వాడేవాళ్ళం కాదు. తాతయ్య పోయిన ఏడు కనుక అమ్మ అవేవీ చేయలేదు. ఆ లోటు వల్ల తాతయ్య రాడేమోనని నాకు భయం వేసింది. అందుకే ఆదివారం ఎవరికీ చెప్పకుండా మిద్దె ఎక్కాను. డిష్ అంచు నాకు అందలేదు. ఒక ఇటుక మీద నిలబడి, ఎడమ చేత్తో అంచు పట్టుకుని కిందికి లాగి, కుడి చేత్తో బొట్టు పెట్టాను. కాయ సిమెంటు దిమ్మె మీద కొట్టాను. దండం పెట్టుకున్నాను.

తొమ్మిదిన్నరకు తెర నిండా తెల్లటి చుక్కలు. వాటి కింద ఎక్కడో హోరులోంచి డోలు చప్పుడు, తర్వాత తాతయ్య గొంతు వినిపించాయి. మనిషి మాత్రం లేడు. నాన్న వైర్లు కదిపాడు, రిసీవర్ మీద తట్టాడు. “ఎవలో ముట్టిన్రు దాన్ని,” అంది పెద్దమ్మ గోడ మీంచి. మెకానిక్‌కు ఫోను చేయడానికి నాన్న బజారుకు పరిగెత్తాడు. నేను మెల్లగా లేచి మిద్దె మీదికి వెళ్ళి, డిష్ వెనక కూర్చున్నాను.

కొంతసేపటికి అమ్మ పైకి వచ్చింది. అంచు మీది కుంకుమ చూసింది. పగిలిన కొబ్బరి చిప్పలు చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

“నువ్వు కిందికి పో అమ్మా. తాత ఇంక మాట్లాడుతుండు,” అన్నాను ఏడుస్తూ.

“మాట్లాడనియ్యి బిడ్డా. నువ్వు గీడ ఒక్కదానివే ఉన్నవ్.”

నా పక్కన కూర్చుంది. తాతయ్య గొంతు మెట్ల మీదుగా పైదాకా వస్తూనే ఉంది, మాటలు మాత్రం తెలియడం లేదు. అమ్మ ఆ వైపు తల తిప్పి విన్నది. నా చెయ్యి వదలలేదు. డోలు ఆగాక లేచి, కొంగుతో అంచు మీది కుంకుమ తుడిచింది. చిప్పలు ఒడిలో వేసుకుంది. నాన్న వగరుస్తూ వచ్చి ఏమైందని అడిగితే, గాలికి కదిలిందని చెప్పింది.

సాయంత్రం మెకానిక్ వచ్చి సరిచేశాడు. తెర మీద ఎవరో వార్తలు చదువుతున్నారు, ఆ మనిషి కనురెప్పలు కూడా తెలుస్తున్నాయి. అమ్మ కాసేపు చూసి వంటింట్లోకి వెళ్ళింది. మళ్ళీ వేస్తారేమోనని చాలా ఆదివారాలు చూశాం, వేయలేదు. ఉత్తరం రాస్తే జవాబు రాలేదు.

మా నాన్నకు ఈ సంగతి చివరిదాకా తెలియదు. అమ్మ కూడా పోయి ఆరేళ్ళయింది. ఆ రోజు కింద కూర్చుని ఉంటే కనీసం ఆయన మాటలైనా దక్కేవని తర్వాతెప్పుడైనా అనుకున్నావా అని నేను ఆమెను అడగలేదు. అడిగితే నవ్వేసేదేమో. నాకు మాత్రం ఒకటి మిగిలింది. ఇంట్లో ఏదైనా పాడైతే, ఎవరు చేశారని అడిగే ముందు, ఇంట్లో ఎవరు కనిపించడం లేదా అని చూస్తాను. నా పిల్లలందరూ ఏదో ఒక రోజు ఏదో ఒక తలుపు వెనక నాకు దొరికినవాళ్ళే.

తాతయ్య ఆ అరగంటలో ఏ కథ చెప్పాడో మాకు తెలియదు. మా వాళ్ళలో ఇప్పుడు ఎవరూ కథ చెప్పడం లేదు.